మొబైల్ క్రైసిస్ టీమ్‌లో పీర్ వర్కర్ పని ఏది, ఏది కాదు?

కొత్తవంతెన:

మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లే మా మొబైల్ టీమ్‌లో ఇప్పటిదాకా ఒక నర్సు, ఒక సోషల్ వర్కర్ మాత్రమే ఉన్నారు. వచ్చే నెల నుంచి ఇద్దరు పీర్ సపోర్ట్ వర్కర్లు, అంటే సొంత అనుభవంతో తోడు నిలిచేవాళ్లు, చేరుతున్నారు. ఇద్దరూ మానసిక అనారోగ్యాన్ని స్వయంగా అనుభవించినవాళ్లే, శిక్షణా పూర్తయింది. ప్రొటోకాల్ రాసే పని నామీద పడింది. పాతదాంట్లో "పీర్ వర్కర్ సహకరిస్తారు" అని ఒక్క ముక్క చేర్చి ఊరుకుంటే ఏమవుతుందో తెలుసు. మొదటి వారం బ్యాగు మోస్తారు, రెండో వారం ఫారాలు నింపుతారు, మూడో నెలలో మానేస్తారు.

అక్కడికి చేరాక ముందు ఎవరు మాట్లాడాలి? చనిపోవాలనే ఆలోచనల గురించి పీర్ అడగొచ్చా, నర్సుకే వదిలేయాలా? సొంత అనుభవం ఎంతవరకు చెప్పాలి? పోలీసులు ముందే వచ్చి ఉంటే పీర్ ఎక్కడ నిలబడాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. "సహానుభూతి ముఖ్యం" లాంటివి శిక్షణ పుస్తకంలో ఉన్నాయి, అవి వద్దు.

రాత్రిడ్యూటీ:

"సహకరిస్తారు" అన్న మాటను ముందు కొట్టేయండి. ఆ చోట పనులు రాయండి: పలకరిస్తారు, పక్కన ఉంటారు, ఇప్పుడు ఏం జరుగుతోందో తర్వాత ఏం జరగబోతోందో విడమరిచి చెబుతారు, ఆ మనిషి కోరేది టీమ్‌కు వినిపిస్తారు, మర్నాడు ఫోన్ చేస్తారు. చేయనివీ అంతే సూటిగా రాయండి: జబ్బు పేరు చెప్పరు, మందు వేసుకోమనీ మానమనీ అనరు, ఒంటరిగా వెళ్లరు, ఎవరినీ పట్టుకుని ఆపరు.

పని తలుపు తట్టకముందే మొదలవుతుంది. డిస్పాచ్ (కాల్ అందుకుని టీమ్‌ను పంపేవాళ్లు) నుంచి మీకు అందేది చాలావరకు ఫోన్ చేసినవాళ్ల భయమే. అందుకని దారిలో ఉండగానే వాళ్లకు తిరిగి ఫోన్ చేయండి. ఆ మనిషి ఇప్పుడు సరిగ్గా ఎక్కడున్నారు, గదిలోనా మేడమీదా? చేతికందేంత దూరంలో ప్రమాదకరమైనది ఏమైనా ఉందా? ఏమైనా మింగారా, తాగారా? నిద్రపోయి ఎన్ని రాత్రులైంది? ఇదివరకు ఇలా అయినప్పుడు ఏది పనిచేసింది, ఏం చేస్తే ముదిరింది? మేం వస్తున్నట్టు ఆ మనిషికి తెలుసా?

ఆ చివరి ప్రశ్ననే అందరూ మర్చిపోతారు. చెప్పకుండా పిలిచి ఉంటే తలుపు తెరుచుకున్న క్షణంలోనే మీరు కుట్రలో భాగస్తులు. అప్పుడు మొదటి నిమిషంలోనే పీర్ నోటినుంచి రావాల్సింది ఇది: "మీకు చెప్పకుండా మమ్మల్ని పిలిచారట. కోపం రావడం సహజం. మేం ఎవరమో చెబుతాను, వినాలా వద్దా అన్నది మీరే చూసుకోండి."

ఇక మాట్లాడేది ఎప్పుడైనా ఒక్కరే. అప్పటికే చెవుల్లో గొంతులు వినిపిస్తున్నవాళ్ల ముందు ఇద్దరు కలిసి మాట్లాడితే ఆ గొంతులకు మరో రెండు చేర్చినట్టే. మామూలుగా పీర్ మొదలుపెడతారు. నర్సు రెండడుగులు వెనక ఉండి ఊపిరి, చెమట, చేతుల వణుకు, నడక గమనిస్తారు. మాట్లాడే మనిషి మారాల్సి వస్తే ముందే అనుకున్న వాక్యంతోనే మారాలి: "మా నర్సుతో కూడా ఓ నిమిషం మాట్లాడతారా?" ఆ మనిషికి పీర్ నచ్చక నర్సువైపు తిరిగితే పీర్ పంతం పట్టకుండా తప్పుకోవాలి.

నిలబడే దూరం రెండు చేతుల బారంత. ఎదురుగా కాకుండా కాస్త పక్కకు. గుమ్మానికి అడ్డం నిలబడొద్దు, అలాగని మీరు బయటపడే దారీ మూసుకుపోకూడదు. మెడలో ఐడీ కార్డుంటే లాగితే ఊడిపోయే తాడు వాడండి. వాకీటాకీ శబ్దం తగ్గించండి. చుట్టూ బంధువులు మూగి ఉంటే "బయటికి వెళ్లండి" అనకండి, పని చెప్పండి: ఒకరిని వాడుతున్న మందులన్నీ ఏరి పక్కగదిలో పెట్టమనండి, ఇంకొకరిని అంబులెన్సుకు దారి చూపేందుకు వీధిలో నిలబడమనండి. గది దానంతటదే ఖాళీ అవుతుంది.

ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మౌనం భరించలేక అదే ప్రశ్నను వేరే మాటల్లో తిప్పి అడగడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. మీకది అదే ప్రశ్న. అటువైపు మాత్రం మొదటిదానికి జవాబు వెతుక్కుంటుండగా మీదపడిన రెండో ప్రశ్న. "ప్రశాంతంగా ఉండండి" అన్నమాట కూడా ఎవరినీ ప్రశాంతపరచదు. లేనివి కనిపిస్తున్నా వినిపిస్తున్నా "అదంతా భ్రమ" అనొద్దు, "అవునవును" అనీ అనొద్దు. "నాకు వినిపించడం లేదు. మీకు వినిపిస్తోందని నమ్ముతున్నాను. ఏమంటోంది?" అని అడగండి. ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తోందా, ఆ మాట వినకుండా ఉండగలుగుతున్నారా అన్నది తప్పక తెలుసుకోవాలి. ఆ రెండు జవాబులూ వెంటనే నర్సుకు చేరాలి.

అద్దంలోమనిషి:

సొంత అనుభవం సంగతి నేను చెబుతాను. పీర్‌ను తీసుకునేదే దానికోసం, ఎక్కువగా చెడేదీ అక్కడే.

క్రైసిస్ మధ్యలో రెండు వాక్యాలు, ఇరవై సెకన్లు. ఆ వెంటనే మాట తిరిగి ఆ మనిషికి అప్పగించాలి. ఉదాహరణకు: "నేనూ కొన్నాళ్లు ఎవరికీ వినిపించని మాటలు విన్నాను. అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడితే తట్టుకోలేకపోయేదాన్ని. మీకు ఇప్పుడు ఎలా ఉంది?" అంతే. మందుల పేర్లు, ఆస్పత్రి పేర్లు, ప్రాణం తీసుకోబోయిన తీరు, ఇవేవీ ఆ రెండు వాక్యాల్లోకి రాకూడదు. "ఇప్పుడు చూడండి ఎంత బాగున్నానో" అన్న ముగింపు కూడా వద్దు. అట్టడుగున ఉన్నవాళ్లకు అది ఆశలా వినిపించదు, పోలికలా వినిపిస్తుంది.

ఎప్పుడు అసలు చెప్పకూడదు? తన ఆలోచనలు బయటికి పాకిపోతున్నాయనీ, తనను ఎవరో గమనిస్తున్నారనీ నమ్ముతున్న మనిషికి "నాకూ అచ్చం ఇలాగే" అంటే "నా తలలోది నీకెలా తెలిసింది?" అన్న అనుమానం పుడుతుంది. అక్కడ అనుభవాన్ని చెప్పకుండా వాడుకోవాలి: లైటు ఎక్కువగా ఉందా అని అడగడం, ఫోన్ కనిపించకుండా జేబులో పెట్టడం, రాసుకునే కాగితం వాళ్లకు కనబడేలా పట్టుకోవడం. చెప్పాక ఆ మనిషి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడితే ఎక్కువ చెప్పేశారని గుర్తు.

ప్రొటోకాల్‌లో ఇదొకటి తప్పకుండా రాయండి: పీర్ చరిత్ర చెప్పే హక్కు పీర్‌ది మాత్రమే. "ఈవిడకీ మీలాంటి జబ్బే ఉండేది, అడగండి" అని నర్సు పరిచయం చేయడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. అయినా అది గోప్యత ఉల్లంఘనే.

(చిన్న పక్కమాట. 1987లో డచ్ సైకియాట్రిస్ట్ మారియస్ రోమ్, గొంతులు వినిపించే తన రోగి ఒకావిడతో కలిసి టీవీలో కనిపించి, అలాంటి అనుభవం ఉన్నవాళ్లను ఫోన్ చేయమన్నారు. వందల మంది చేశారు. ఎప్పుడూ వైద్యుడి దగ్గరికి వెళ్లకుండానే ఆ గొంతులతో నెట్టుకొస్తున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. గొంతులు వినేవాళ్ల సహాయ బృందాలకు మూలం అదే. "అదేమంటోంది?" అని అడగడం తప్పుకాదన్న ధైర్యం చాలావరకు అక్కడినుంచే వచ్చింది.)

ఆరుమెట్లు:

ఆత్మహత్య గురించి పీర్ అడగొచ్చు, అడగాలి కూడా. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. అసలు చేటు అడిగే తీరులో ఉంది. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవుగా?" అంటే "లేవు" అన్న జవాబును మీరే చేతిలో పెడుతున్నారు. "చనిపోవాలనిపిస్తోందా?" అని మామూలు గొంతుతో, మొహం తిప్పుకోకుండా అడగండి.

ఆత్మహత్య ముప్పును అంచనా వేసే కొలంబియా స్క్రీనర్ వాడుతుంటే అందులో ఆరు ప్రశ్నలు. మొదటి రెండూ అందరినీ అడుగుతాం: బతకాలని లేకపోవడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన. రెండోదానికి "అవును" అంటే మూడు, నాలుగు, ఐదు, ఆ తర్వాత ఆరు. "కాదు" అంటే నేరుగా ఆరుకి, అంటే ఇదివరకు ఏమైనా ప్రయత్నం గాని సన్నాహం గాని జరిగిందా అన్నదానికి. కాదన్నారు కదా అని ఆ ఆరోది వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. శిక్షణ పొందిన పీర్ ఈ ప్రశ్నలు అడగొచ్చు. జవాబులను బట్టి ఏం చేయాలన్న నిర్ణయం మాత్రం క్లినీషియన్‌దే, అంటే టీమ్‌లో చికిత్సా అర్హత ఉన్నవాళ్లదే.

అడగబోయే ముందు హద్దు చెప్పేయాలి: "మీరు చెప్పేది మా టీమ్ దాటదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం దాచలేను. అప్పుడు కూడా ముందు మీకు చెప్పాకే బయట చెబుతాను." అంతా విన్నాక ఈ హద్దు చెబితే మోసం చేసినట్టవుతుంది.

ఆవేశం తగ్గాక సేఫ్టీ ప్లాన్, అంటే ఆ ఆలోచన మళ్లీ వస్తే ఏం చేయాలో రాసుకునే కాగితం. అమెరికా సైకాలజిస్టులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించినదాంట్లో ఆరు మెట్లు: ముంచుకొస్తోందని తెలిపే గుర్తులు, ఒంటరిగా చేసుకోగలిగినవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగ్గ సొంతవాళ్లు, వృత్తి నిపుణులూ హెల్ప్‌లైన్లూ, చివరిగా పరిసరాలను సురక్షితం చేయడం. 20 నుంచి 45 నిమిషాలు పడుతుంది. ఒకే కాగితం మీద, ఆ మనిషి మాటల్లోనే రాయాలి. "ఆందోళన పెరుగుట" అని మీరు రాస్తే అర్ధరాత్రి రెండింటికి అది ఎవరికీ గుర్తుపట్టే సంకేతం కాదు. "ఫోన్ ఎత్తబుద్ధి కాదు, గదిలో అటూ ఇటూ తిరుగుతాను" అని ఉంటే పనికొస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా "ఇది చేయగలరా? అడ్డమేంటి?" అని అడగండి. నాలుగో మెట్టులో పేరు రాస్తే నంబరు కూడా అప్పుడే రాయించండి. వీలైతే ఆ పేరున్నవాళ్లకు అక్కడినుంచే ఓ ఫోన్ చేయించండి.

ఆరో మెట్టు అడగడానికి ఇబ్బందిగా ఉంటుందని ఖాళీగా వదిలేస్తారు. అన్నిటికంటే ప్రాణం నిలిపే మెట్టు అదే, ఎందుకంటే ఆ ఉధృతి చాలామందిలో కొంతసేపే ఉంటుంది. ఇంట్లో నిల్వ ఉన్న మాత్రలు, పురుగుమందు లాంటివి ఎవరి దగ్గర పెడతారు, ఎప్పటిదాకా, తాళం ఎవరి చేతిలో? ఈ మూడూ రాయండి. పీర్ మాత్రం వాటిని తన వెంట తీసుకెళ్లకూడదు.

"ఏమీ చేసుకోనని మాటివ్వండి" అని సంతకం పెట్టించుకునే పద్ధతి మీ పాత ప్రొటోకాల్‌లో ఉంటే తీసేయండి. అది ఆపుతుందనడానికి ఆధారం లేదు. పైగా మాట తప్పామన్న సిగ్గుతో మళ్లీ ఫోన్ చేయరు.

నాడిచూపు:

నేను నర్సుని. పైవన్నీ సరే గానీ ఒక్క విషయం పీర్లకు గట్టిగా నేర్పండి: మనసు సమస్యలా కనిపించే ఒంటి సమస్యలు.

హఠాత్తుగా మొదలై, గంటగంటకీ మారుతూ, తానెక్కడున్నదీ ఏ రోజన్నదీ తెలియని అయోమయం ఉంటే అది డెలీరియం (ఒంటి సమస్య వల్ల మెదడు ఒక్కసారిగా తికమకపడే స్థితి) కావచ్చు. షుగర్ పడిపోయినా చెమటలు, వణుకు, చిరాకు, తిక్కమాటలు వస్తాయి. గ్లూకోమీటర్ బ్యాగులో ఉండాలి. రోజూ తాగే మనిషి మానేసిన రెండు మూడు రోజులకు వణుకుతూ లేనివి చూస్తుంటే అది ప్రాణాంతకం కాగలదు, మాటలతో తీరదు. తలకు దెబ్బ, జ్వరం, మూర్ఛ గురించి అడగండి.

మందుల వల్ల వచ్చేవి పీర్లు మాకంటే ముందు పట్టేస్తారు, ఎందుకంటే కొందరు అవి పడ్డవాళ్లే. కాళ్లు ఆడిస్తూ, కూర్చోలేక, నిలబడలేక ఉన్నవాళ్లది ఉద్రేకం కాకపోవచ్చు, అకథీసియా (మందు వల్ల వచ్చే నిలకడలేనితనం) కావచ్చు. దాన్ని ఉద్రేకం అనుకుని అదే మందు డోసు పెంచితే ఇంకా ముదురుతుంది. కొత్త ఇంజెక్షన్ తర్వాత మెడ ఒంకర్లు పోయి కళ్లు పైకి తేలితే డిస్టోనియా (మందు వల్ల కండరాలు పట్టేయడం), దానికి విరుగుడు ఉంది. యాంటీసైకోటిక్ (గొంతులు, భ్రమలు తగ్గించే మందు) వాడుతూ ఒళ్లు కర్రలా బిగిసి జ్వరం వస్తే క్షణం ఆలస్యం చేయొద్దు. లిథియం (మూడ్ ఒడిదుడుకులకు ఇచ్చే మందు) వాడేవాళ్లకు వాంతులు, విరేచనాలు, తూలుడు, పెద్ద వణుకు ఉంటే లిథియం విషమించిందేమో చూడాలి.

వీటిలో ఏది కనిపించినా పీర్ జబ్బు పేరు చెప్పక్కర్లేదు. "కాళ్లు ఆగడం లేదు, మొన్న మందు మారిందట" అని చూసింది చూసినట్టు నాకు చెబితే చాలు.

మూడోగుమ్మం:

పోలీసుల గురించి. రాత్రిడ్యూటీ గారు దాన్ని తాకకుండా వదిలేశారు, బహుశా కావాలనే :)

ఇక్కడ చాలామంది ఒకటే అనుకునే అమెరికా నమూనాలు రెండున్నాయి. 1988లో మెంఫిస్‌లో మొదలైన సీఐటీ (క్రైసిస్ ఇంటర్వెన్షన్ టీమ్) పోలీసులకే 40 గంటల శిక్షణ ఇచ్చే పద్ధతి. 1989లో యూజీన్‌లో మొదలైన కహూట్స్ పోలీసులు లేకుండా ఒక మెడిక్‌ను, ఒక క్రైసిస్ వర్కర్‌ను వ్యాన్‌లో పంపిన పద్ధతి. అమెరికాలో మానసిక ఆరోగ్య, వ్యసన సేవలు చూసే ప్రభుత్వ సంస్థ సాంసా 2020 మార్గదర్శకాలు మొబైల్ టీముల్లో పీర్లు ఉండాలనీ, ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప పోలీసులు వెంట రావద్దనీ చెప్పాయి. ఆ "తప్ప" ఎక్కడ మొదలవుతుందో మీ ప్రొటోకాల్ చెప్పాలి. చేతిలో ఆయుధం, అప్పటికే కొట్లాట, మంటలు ఉంటే పీర్ ముందు వెళ్లరు. కథలాగా కాకుండా ఆ మూడు మాటలూ రాసేయండి. "అవసరాన్ని బట్టి" అని రాస్తే ప్రతి రాత్రీ వాదనే.

పోలీసులు మీకంటే ముందే చేరి ఉంటే, అక్కడ బాధ్యుడు ఎవరో కనుక్కుని ఆయనతో మాత్రమే మాట్లాడండి. సైరన్, తిరిగే లైట్లు ఆపమని, ఒక్కరు తప్ప మిగతావాళ్లు కనుచూపు దాటి ఉండమని అడగండి. అది క్లినీషియన్ అడగాలి, పీర్ కాదు. ఆ కాసేపూ పీర్ ఆ మనిషి దగ్గరే ఉండాలి.

అద్దంలోమనిషి గారితో ఒక్కచోట విభేదిస్తాను. ఎక్కువగా చెడేది సొంత కథ దగ్గర కాదు, పీర్‌ను ఎరగా వాడేచోట. బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్లాలని నిర్ణయం అయిపోయాక "మీ మాట వింటారు, మీరు బండెక్కించండి" అని పీర్‌ను ముందుకు నెడతారు. "ఊరికే చెకప్‌కే, గంటలో వచ్చేస్తాం" అన్న అబద్ధం పీర్ నోట వస్తుంది. ఆ మనిషి బండెక్కుతారు కూడా. తర్వాతి క్రైసిస్‌లో ఆ తలుపు ఎవరికీ తెరుచుకోదు.

అందుకని బలవంతపు నిర్ణయాన్ని చెప్పేది, అమలు చేసేది క్లినీషియన్. పీర్ అప్పటికీ వెళ్లిపోరు, పని మారుతుంది అంతే. బండిలో ఎవరు పక్కన కూర్చుంటారు, అక్కడికి చేరాక ముందు ఎవరు చూస్తారు, ఫోన్ ఉంచుకోనిస్తారా, ఎవరికి కబురు చేయాలి అన్నవి చెప్పాలి. తెలియనిది "తెలియదు" అనే చెప్పాలి. కళ్లజోడు, చెప్పులు, చార్జర్, వాడే మందుల చీటీ తీసుకున్నారా? ఇంటికి తాళం ఎవరు వేస్తారు, కుక్కకో పిల్లికో తిండి ఎవరు పెడతారు? ఈ చివరి రెండూ తేలక బండెక్కనన్నవాళ్లను "సహకరించడం లేదు" అని రాసేస్తుంటారు.

కొత్తవంతెన:

ఇంత వివరం ఆశించలేదు, అందరికీ ధన్యవాదాలు. "సహకరిస్తారు" కొట్టేశాను. ఇంకో రెండు సందేహాలు. వెళ్లాక ఆ మనిషి పీర్‌కు ముందే తెలిసినవాళ్లని తేలితే? కాల్ అయ్యాక పీర్ బాగోగులు ఎలా చూడాలి? మా మేనేజర్ ప్రతి కాల్ తర్వాత తప్పనిసరి డీబ్రీఫింగ్ పెడదామంటున్నారు.

రాత్రిడ్యూటీ:

తెలిసినవాళ్లయితే పేరు డిస్పాచ్‌లో వచ్చినప్పుడే పీర్ చెప్పాలి, ఎలా తెలుసో చెప్పక్కర్లేదు. వీలైతే రెండో పీర్ వెళ్తారు. వీలుకాకపోతే మొదటి నిమిషంలోనే ఆ మనిషిని అడగండి: "మనం ఒకరికొకరం తెలుసు. నేనుండనా, బయట ఉండనా?" కొందరికి తెలిసిన ముఖమే కావాలి. ఇంకొందరికి ఆ ముఖమే వద్దు.

తప్పనిసరి డీబ్రీఫింగ్ వద్దు. జరిగినదంతా వెంటనే కూర్చోబెట్టి చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయదు. దాని బదులు తర్వాతి కాల్‌కు ముందు పావుగంట విరామం ఇవ్వండి. ఆ పావుగంటలో మాట్లాడాలా, ఊరికే కూర్చోవాలా అన్నది వాళ్ల ఇష్టం. సూపర్‌విజన్ మాత్రం క్రమం తప్పకూడదు. అది అనుభవమున్న మరో పీర్ చేయాలి, సెలవులు మంజూరు చేసే మనిషి కాదు. ఇద్దరిని తీసుకుంటున్నారు, మంచిది. ఒక్కరే ఉంటే ఆరు నెలల్లో చిన్న నర్సుగా మారిపోతారు.

ఇంకొకటి, పీర్ కాస్త అలసటగా కనిపించగానే "మందులు వేసుకుంటున్నావా?" అని సహోద్యోగులు అడగడం. వేరే ఉద్యోగి అలసిపోతే "నిద్రపోయావా?" అంటాం కదా, పీర్‌నూ అదే అడగాలి.

రికార్డులో పీర్ రాసే భాగం ఆ మనిషి మాటల్లో ఉండాలి. "ఇన్‌సైట్ లేదు" (తన జబ్బు తనకు తెలియడం లేదు) అని కాకుండా "తనకు జబ్బు లేదనీ, నిద్ర లేదనీ అన్నారు" అని. వీలైతే చదివి వినిపించాకే మూసేయండి.

ఆరుమెట్లు:

రాత్రిడ్యూటీ గారి మాటకు కొనసాగింపు. పీర్ల గంటలన్నీ ఎమర్జెన్సీ కాల్స్‌కే కేటాయించకండి. వైద్య పత్రిక లాన్సెట్‌లో 2018లో వచ్చిన ఇంగ్లండ్ ట్రయల్‌లో 441 మందిని చూశారు, అందరూ క్రైసిస్ టీమ్ సేవ ముగిసినవాళ్లే. వాళ్లలో సగం మందికి పీర్ వర్కర్‌తో గరిష్ఠంగా పది సమావేశాలు, కోలుకునే ప్రణాళిక రాసుకునే ఒక వర్క్‌బుక్. ఏడాదిలో మళ్లీ అత్యవసర సేవల్లోకి వచ్చినవాళ్లు ఆ గుంపులో 29 శాతం, వర్క్‌బుక్ మాత్రమే పోస్టులో అందుకున్నవాళ్లలో 38 శాతం. సేఫ్టీ ప్లాన్‌కు ఫాలో-అప్ ఫోన్లు జోడించి చూసిన మరో అధ్యయనమూ 2018లోనే వచ్చింది. ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన మామూలు చికిత్స అందినవాళ్లలో 5.29 శాతం, ఇవి అందినవాళ్లలో 3.03 శాతం.

మొదటి ఫోన్ 24 గంటల్లో, రెండోది 72 గంటల లోపు పెట్టుకోండి. ఏ వేళ చేయాలి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టొచ్చా, ఇంట్లో వేరేవాళ్లు ఎత్తితే మేం ఎవరమని చెప్పాలి, రెండుసార్లు ఎత్తకపోతే ఎవరికి చేయాలి? ఈ నాలుగూ ఆ ఇంట్లోంచి బయటికి రాకముందే ఆ మనిషినే అడిగి, సేఫ్టీ ప్లాన్ కాగితం వెనకవైపు రాసేయండి.